గంటలు మోగని పూసల చట్రం

నీలాలరేవు రాజు భోగవర్మకు ఒకటే బలహీనత. ఆయన కడుపులో మాట దాగదు.

ఆ ఏడు ఆయనకు పడవల గణకుడు కావలసి వచ్చాడు. ఆ రాజ్యంలో వేటకెళ్ళిన పడవ తిరిగి రాకపోతే, ఆ ఇంటికి ఏడాది గింజలు రాజుగారి గాదె నుంచే వెళ్ళేవి. ఎన్ని పడవలు రాకపోవచ్చో ముందే లెక్కగట్టి గింజలు పక్కన పెట్టాలి. అందుకని రాజు పరీక్ష పెట్టాడు. తీగల మీద పూసలు జరిపి లెక్కగట్టే పూసల చట్రం ఎవరిది వాళ్ళు తెచ్చుకోవచ్చని చాటించాడు.

ఇంకేముంది, ఊరికి చట్రాల పిచ్చి పట్టింది. తీగకు పూసలెన్ని ఉండాలి, టేకు మంచిదా చందనం మంచిదా అని అరుగుల మీద జుట్లు పట్టుకున్నారు.

కొలువులో దాలప్ప అనే గుమాస్తా ఉన్నాడు. అతని చిన్నప్పుడు తండ్రి పడవ తిరిగి రాలేదు. ఆ ఏడు గణకుడి లెక్క తప్పి, వీళ్ళ ఇంటి వంతుకు గాదె ఖాళీ అయింది. ఆ పస్తులు గుర్తున్నవాడు కాబట్టి ఈ పదవి మీద మనసు పడ్డాడు. మిరియాలమ్మే ముసలమ్మ దగ్గర ఏడు తీగల పాత చట్రం కొన్నాడు. రెండు నెలలు అన్నం తింటూ కూడా ఎడమచేత్తో పూసలు జరిపాడు. ఆ చట్రాన్నే పెళ్ళాడి ఉండాల్సిందని భార్య విసుక్కుంది.

ఆస్థాన పండితుడు విరూపాక్షయ్య చట్రం వేరు. నలభై తీగలు, దంతపు పూసలు, చుట్టూ వెండి గంటలు.

"ఏమోయ్ దాలప్పా, అది చట్రమా, చిరిగిన దోమతెరా? ఓడితే ఏడాదిపాటు నా చట్రం మోస్తావా?"

"మోస్తానండి. మరి తమరు ఓడితే?"

"నీది నేను మోస్తాలే," అని పండితుడు పొట్ట ఊగేలా నవ్వాడు.

పరీక్షనాడు నలభై తీగల చట్రం పల్లకీలో వచ్చింది. రోజూ ఓహోం ఓహోం అంటూ పరిగెత్తే బోయీలు ఆ రోజు నోరు మూసుకుని, నిండు నూనెగిన్నె మోస్తున్నట్టు మునివేళ్ళ మీద నడుస్తున్నారు.

దాలప్ప కనుబొమలు పైకి లేచాయి. ఖాళీ చట్రాన్ని చంకన పెట్టుకుని పరిగెత్తొచ్చు. పూస కదిలితే కొంప మునిగేవాడే ఇలా తెస్తాడు. అంటే జవాబులన్నీ ఇంటి దగ్గరే పూసల్లో పేర్చుకొచ్చాడన్నమాట. మొన్న తాంబూలం వేళ రాజుగారు ఈయనతో గంటసేపు కబుర్లాడిన సంగతి గుర్తొచ్చింది.

దాలప్ప వినయంగా చేతులు కట్టుకున్నాడు.

"ప్రభూ, వాకిలి నుంచి ఇక్కడిదాకా ఒక్క గంటైనా మోగలేదు. అంత మంచి వెండి గంటలు, తమరు వినకుండా పోతే ఎలా?"

రాజుకు సరదా పుట్టింది. వద్దు వద్దంటూ విరూపాక్షయ్య లేచేలోపే చట్రాన్ని రెండు చేతులా ఎత్తి గలగలా ఊపేశాడు. నలభై తీగల పూసలూ జరజరా ఒక పక్కకు జారాయి. వాటితోపాటు పండితుడూ నేల మీదికి జారాడు.

రాజు ప్రశ్న అడిగాడు. పదేళ్ళలో రెండువేల నాలుగొందల పడవలు వెళ్తే డెబ్బై రెండు రాలేదు. ఈ ఏడు మూడొందలు వెళ్తున్నాయి. ఎన్ని పడవల వాళ్ళకు గింజలు తీసిపెట్టాలి?

ఏడు తీగలు టకటకలాడాయి.

"తొమ్మిది, ప్రభూ. ఇంకో మూడింటికి అదనంగా ఉంచండి. సముద్రం మన చట్రం చూసి నడవదు."

విరూపాక్షయ్య ఇంకా పూసల వంకే చూస్తున్నాడు. అంత గొప్ప చట్రం ఉన్నవాడు నోరెందుకు మెదపలేదని రాజు దాలప్పనే అడిగాడు.

"ఆయన లెక్కలు చట్రంలో ఉన్నాయి ప్రభూ, నావి వేళ్ళలో ఉన్నాయి. ఊపితే రాలవు."

రాజుకు సంగతి అర్థమై నాలుక కరుచుకున్నాడు. "తాంబూలం వేళ ప్రశ్నలన్నీ వాగింది నేనే కదయ్యా," అని తనే ముందు నవ్వాడు. సభంతా పగలబడి నవ్వింది. పదవి దాలప్పకిచ్చి, ఆ పల్లకీలోనే ఇంటికి పంపమన్నాడు.

పొద్దుటి నుంచి గొంతులు బిగపట్టుకున్న బోయీలు ఊరు దద్దరిల్లేలా ఓహోం అందుకున్నారు. ఏడు తీగల చట్రం చంకన పెట్టుకుని, వెనకాల విరూపాక్షయ్య పరుగో పరుగు.