నగరపెద్ద చదివిన పాత నిబంధన

సోమశిలపట్నంలో నగరపెద్దను జనమే ఎన్నుకునేవారు. పన్నెండేళ్ళుగా ఆ పదవిలో ఉన్న భుజంగరాయుడు కుమ్మరివీధికి మురుగుకాలువ తవ్వించలేదు. ఆ వానాకాలం ఆ వీధిలో ముగ్గురు పిల్లలు జ్వరమొచ్చి పోయారు. దాంతో కుండలు చేసే నూకాలు తానే ఎన్నికలో నిలబడతానంది.

పేర్లు రాసుకునే రోజు రాజుగారి ప్రతినిధి వచ్చి కూర్చున్నాడు. నూకాలును చూడగానే భుజంగరాయుడు ఒక తాటాకు తీశాడు.

"ఇదివరకు నగరపెద్దగా చేసినవారే పోటీకి అర్హులు. పట్నం కట్టిన నాటి నిబంధన ఇది" అని చదివాడు.

నూకాలుకు ఒళ్ళు మండింది. అయినా గొంతు పెంచలేదు.

"అయ్యగారూ, మొదటిసారి నిలబడేనాటికి తమరు నగరపెద్దగా చేసి ఉన్నారా?"

"లేదు."

"అయితే ఆ ఎన్నిక చెల్లదు. ఆ తర్వాతివీ చెల్లవు. ఈ పన్నెండేళ్ళూ తమరు ఏ హక్కుతో కూర్చున్నారు?"

ప్రతినిధి భుజంగరాయుడి వైపు తిరిగి, "సమాధానం చెప్పండి" అన్నాడు.

భుజంగరాయుడి ముఖం పాలిపోయింది. "ఇది... నిన్న నేను రాయించింది" అని గొణిగాడు.

ప్రతినిధి ఆ తాటాకును చించేసి గంటం అందుకున్నాడు. "నీ పేరేమిటమ్మా?"

"నూకాలు. పక్కన కుమ్మరివీధి అని కూడా రాయండి."