సంసారం అనే మాట

వ్యాకరణం చెప్పే ముక్తేశ్వర శర్మగారి దగ్గర వాసుదేవ అనే శిష్యుడు నిఘంటువు కూర్చే పనిలో ఉండేవాడు. ఒకనాటి ఉదయం పాఠం అయ్యాక చీటీలు పట్టుకొచ్చి అడిగాడు.

“గురువుగారూ, ‘సంసారం’ దగ్గర ఆగిపోయాను. సంస్కృతంలో చావుపుట్టుకల మధ్య తిరుగుడు. ధాతువు చూస్తే కలిసి సాగడం. మనకేమో ఇల్లూ పిల్లలూ. తమిళులకు భార్య. మలయాళంలో మాట్లాడటాన్నే సంసారం అంటారట. వీటిలో ఏది ముందు రాయను?”

ప్రశ్నకు నేరుగా జవాబివ్వడం శర్మగారికి అలవాటు లేదు. తాను కాలు విరిగి కాకినాడలో ఒక ఆసుపత్రిలో పడుకున్న రోజుల సంగతి ఎత్తుకున్నారు.

పక్క మంచం మీద తాతబ్బాయి అనే ఉప్పాడ నేతగాడు ఉండేవాడు. పక్షవాతంతో కుడిచెయ్యీ మాటా పడిపోయాయి. భార్య పేరిందేవి స్టూలు మీద కూర్చుని వేళకు మందు పోసేది, ఒళ్ళు తుడిచేది. నోరు మాత్రం విప్పేది కాదు. ఇద్దరిలో మాట పడిపోయింది ఎవరికో కొత్తవాళ్ళకు తెలిసేది కాదు.

కేరళ నుంచి కొత్తగా వచ్చిన నర్సు ఏలియమ్మ ఒక రోజు తాతబ్బాయిని చూపించి, “సంసారం ఉందా?” అని అడిగింది.

“ఉన్నాను కదమ్మా, నేనే,” అంది పేరిందేవి.

నర్సు కాదన్నట్టు తల ఊపింది. తనకొచ్చిన నాలుగు తెలుగు ముక్కలూ కూడదీసుకుని, “సంసారం చెయ్యాలి. మీరు రోజూ చెయ్యాలి. అప్పుడే బాగవుతారు,” అని గట్టిగా చెప్పింది. వార్డంతా గొల్లున నవ్వింది. పేరిందేవి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. శర్మగారు నవ్వు ఆపుకుని, “వాళ్ళ భాషలో సంసారమంటే మాటలమ్మా. ఆయనతో మాట్లాడుతూ ఉండమంటోంది,” అని విడమరిచారు.

నవ్వులు ఆగాయి. పేరిందేవి కొంగు తియ్యలేదు. “ఆరేళ్ళయింది పంతులుగారూ, మేం మాటాడుకుని,” అంది. “మా నాన్న మగ్గాన్ని ఈయన నన్నడక్కుండా ఎవరికో ఇచ్చేశాడు. ఆ రోజు నోరు మూసుకున్నాను. వండాను, పెట్టాను, పక్కన కూర్చుని నేశాను. సంసారానికేం లోటు రాలేదనుకున్నాను. ఇప్పుడు మాటాడదామంటే ఆయనకి నోరు లేదు.”

“చెవులున్నాయి కదమ్మా,” అన్నారు శర్మగారు.

ఆ సాయంత్రమే ఆవిడ మొదలుపెట్టింది. మొదట మగ్గం గురించే. రెండు రోజులు కడిగి పారేసింది. తాతబ్బాయి కళ్ళ వెంట నీళ్ళు కారేవి, తుడుస్తూనే తిట్టేది. మూడో రోజుకు తిట్లు అయిపోయాయి. ఎదురింటివాళ్ళ కోడలి సంగతులు, తుపాను వచ్చిన ఏడాది ఇద్దరూ నూలు కట్టలు నెత్తిన పెట్టుకుని పరుగెత్తడం, తోచిందల్లా చెప్పుకొచ్చింది. ఆయన చూపు ఆవిడ మొహం మీద నుంచి కదిలేది కాదు. పెదాలు ఆడేవి, మాట వచ్చేది కాదు.

తొమ్మిదో రోజు ఉదయం, ఇంట్లో మిగిలిన మగ్గం మీద సగంలో ఆగిన చీర ప్రస్తావన వచ్చింది. “నువ్వు లేచేదాకా ఉంచను. నేనే ముగించేస్తాను. అంచు చిలకలకి పసుపు వేసేస్తాలే,” అంది.

తాతబ్బాయి మొహం ఎర్రబడింది. మెడ నరాలు బిగిశాయి. “కా... దు,” అన్నాడు.

 పేరిందేవి ఆయన ఎడమచెయ్యి గట్టిగా పట్టుకుని, “కాదా? మరేం రంగు? చెప్పు. చెప్పేదాకా వదలను,” అంటూ ఏడుస్తూనే పోట్లాటకి దిగింది.

శర్మగారు అక్కడితో ఆపారు. వాసుదేవ చీటీల వంక చూసి, “అయితే మలయాళం అర్థం ముందు రాయమంటారా?” అన్నాడు.

“నాకేం తెలుసు? పేరిందేవిని అడుగుదామనుకున్నాను,” అన్నారు శర్మగారు. “నేను ఇంటికొచ్చేసిన రోజు దాకా వాళ్ళ మాటల మధ్య నాకు సందు దొరకలేదు.”