కోదండపాణి పెట్టిన కాపలా

కోదండపాణికి పెంచలయ్య మీద అనుమానం పుట్టింది ఒక సాయంత్రం పూట. పాణి ఆశ్రమం ఆఫీసుగదిలోకి అడుగుపెట్టగానే పెంచలయ్య కంప్యూటర్ తెరను అవతలికి తిప్పుకున్నాడు. పడమటి కిటికీలోంచి ఎండ పడి అక్షరాలు కనబడక తిప్పుకున్నాడేమో అని పాణికి తోచలేదు. తోచి ఉంటే ఈ కథే లేదు.

పెన్నా ఒడ్డున ఉన్న ఆ చిన్న ఆశ్రమం పూర్ణబోధ స్వామిది. ఆయన ఉపన్యాసాలు ఇవ్వరు. కష్టంలో ఉన్నవాళ్లు ఉత్తరం రాస్తే జవాబు రాయిస్తారు, అంతే. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆయన వరండాలో కూర్చుంటే, ఆ రోజు వచ్చినవన్నీ పెంచలయ్య చదివి వినిపించేవాడు. స్వామి చెప్పింది రాసుకుని పంపేవాడు. అన్నిటికీ జవాబులు పోయాయని తెలిశాకే స్వామి రాత్రి భోజనానికి లేచేవారు. ఆ నియమం ఆయన గురువుగారి కాలం నుంచీ ఉంది.

పెంచలయ్య ఉద్యోగం చేసినన్నాళ్లూ ఊళ్లలో పోస్టు పంచినవాడు. రిటైరయ్యాక ఆశ్రమానికి వచ్చి, ఉత్తరాల పనే కావాలని అడిగి మరీ తీసుకున్నాడు. పాణి సంగతి వేరు. హైదరాబాదులో కంప్యూటర్ ఉద్యోగం వదులుకుని వచ్చినవాడు. కాగితం మీద రాసేవాళ్లు తగ్గిపోతున్నారని, ఆశ్రమం పేరుతోనే సొంత మెయిల్ అడ్రసు ఏర్పాటు చేసింది అతనే. ఉత్తరాలన్నీ ఒక కంపెనీవాళ్ల దగ్గర భద్రంగా ఉంటాయి. ఆఫీసు కంప్యూటర్లోనూ, స్వామి ఫోనులోనూ, తన ఫోనులోనూ అవే కనబడేలా అమర్చాడు. ఒక చోట చదివితే మూడు చోట్లా చదివినట్టు, ఒక చోట తీసేస్తే మూడు చోట్లా పోయినట్టు. జవాబు ఇచ్చిన ఉత్తరాలను పెంచలయ్య ఏ రోజుకారోజు వేరే అరలోకి మార్చేవాడు, పోస్టు సంచీ ఖాళీ చేసినట్టు. ఆశ్రమంలో అందరూ పాణిని మెచ్చుకున్నారు. ఆ మెప్పు అతనికి బాగానే రుచించింది.

అంత చక్కగా అమర్చినదాని ముందు పెంచలయ్య ఒంటివేలితో టైపు చేస్తూ కూర్చోవడం మాత్రం అతనికి కంట్లో నలుసులా ఉండేది. ఇప్పుడు తెర తిప్పుకోవడం కూడా చూశాడు. ఇతనేదో దాస్తున్నాడు. స్వామి కంటబడకూడని ఉత్తరాలు తీసేస్తున్నాడు. ఎందుకు తీసేస్తున్నాడో తరవాత తేలుతుంది, ముందు పట్టుకోవాలి. అనుమానానికి ఎప్పుడూ తొందరెక్కువ, కారణంతో దానికి పనిలేదు.

పాణి తన గదిలో అటక మీదున్న పాత ల్యాప్‌టాప్ దించాడు. దుమ్ము తుడిచి, అందులోనూ ఆశ్రమం మెయిలు పెట్టడం మొదలుపెట్టాడు. అడ్రసు, పాస్‌వర్డ్ కొట్టాక అది ఒక ప్రశ్న అడిగింది. ఉత్తరాలను కంపెనీ దగ్గరే ఉంచి ఇక్కడ చూపించాలా, లేక ఈ ల్యాప్‌టాప్‌లోకి దించుకోవాలా?

మిగతా మూడు చోట్లా పాణి మొదటిదే ఎంచుకున్నాడు. ఈసారి రెండోది నొక్కాడు. అక్కడ పెంచలయ్య తీసేసినా ఇక్కడ సాక్ష్యం మిగలాలి కదా. కింద చిన్న అక్షరాల్లో ఇంకేదో రాసి ఉంది, పక్కన టిక్కు పెట్టడానికి ఒక గడి ఉంది. అతను చదవలేదు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఇదే పనిలో ఉన్నవాడికి చిన్న అక్షరాలతో ఏం పని? ల్యాప్‌టాప్‌ని మంచం కింద పెట్టి, దుప్పటి అంచు నేలదాకా లాగి, రాత్రీ పగలూ నడిచేలా వదిలేశాడు.

మర్నాడే దొరికింది. కావలి నుంచి ఒకాయన రాశాడు. అన్నతో మాటలు లేవట, ఇప్పుడు ఆ అన్నకు జబ్బు చేసిందట, పిలవకపోయినా వెళ్లవచ్చా అని అడుగుతున్నాడు. ఉత్తరం ల్యాప్‌టాప్‌లో ఉంది. పాణి తన ఫోను తీసి చూశాడు. అందులో లేదు. మధ్యాహ్నం వరండాలో చెవులు రిక్కించి కూర్చున్నాడు. పెంచలయ్య ఆ ఉత్తరం ఊసే ఎత్తలేదు.

పాణికి ఒళ్లు ఝల్లుమంది. భయంతో కాదు, సంతోషంతో. అనుమానం నిజమైనప్పుడు మనిషికి కలిగే దిక్కుమాలిన సంతోషం అది.

ఆ రోజునుంచి అతనికి పెంచలయ్య చేసే ప్రతి పనిలోనూ ఏదో ఒకటి కనబడసాగింది. ఏటి ఒడ్డుకు నడకకు వెళ్తే ఎవరినో కలవడానికే అనుకున్నాడు. ఆఫీసు తాళంచెవి మొలతాడుకు కట్టుకుంటే ఎంత జాగ్రత్తో చూడు అనుకున్నాడు. పెంచలయ్య వంటింట్లోకి వచ్చి మజ్జిగ అడిగినా, మాట మార్చడానికే వచ్చాడనిపించేది.

ఒకరోజు పెంచలయ్యే అతని దగ్గరికి వచ్చాడు. ముఖం పీక్కుపోయి ఉంది.

"పాణీ, ఇందాక ఒక ఉత్తరం కనబడిందయ్యా. కళ్లజోడు తుడుచుకోని చూద్దునా, లేదు. నేనేమన్నా తప్పు నొక్కతా ఉండానా? కాస్త చూసిపెట్టు."

"మీకు తెలియకుండా ఎలా పోతాయి పెంచలయ్యగారూ?" అన్నాడు పాణి, ఒక్కో మాటా నొక్కి.

పెంచలయ్య అతని ముఖంలోకి చూశాడు. అందులో ఏముందో అర్థమైనట్టుంది, వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. ఏం నటన, అనుకున్నాడు పాణి.

ఆశ్రమానికి ఫోన్లు రాసాగాయి. స్వామి మమ్మల్ని మరిచారా, మేమేదైనా తప్పు రాశామా అని అవతలివాళ్లు అడిగేవాళ్లు. వరండాలో చదవడానికి ఒక్క ఉత్తరమూ లేని రోజులు కూడా వచ్చాయి. "ఇవాళ లోకంలో ఎవరికీ కష్టం లేదన్నమాట" అని స్వామి లేచిపోయేవారు. ఆ మాట అన్నప్పుడు పెంచలయ్య తల వంచుకునేవాడు. పాణి అది కూడా గుర్తుపెట్టుకున్నాడు.

సాక్ష్యం సరిపోయిందనుకున్నాక, ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని స్వామి దగ్గరికి వెళ్లాడు. మొదటినుంచీ అంతా చెప్పాడు.

"పెంచలయ్యని పంపించెయ్యాలి స్వామీ. ఉత్తరాలు మాయం చేసేవాడు ఈ ఆశ్రమంలో ఉండకూడదు."

స్వామి తెరమీద ఉన్న వరసను చాలాసేపు చూశారు. "ఇవన్నీ నీ దగ్గర ఉన్నాయా?"

"ఉన్నాయి స్వామీ. ఒక్కటి కూడా పోలేదు."

"కావలి ఆయన ఉత్తరం?"

"అదీ ఉంది."

"ఆయనకి జవాబు రాద్దామని నాతో చెప్పావా?"

"సాక్ష్యాలు కదా స్వామీ. ముట్టుకోకూడదని..."

"ఉత్తరాలు పోవడం ఎప్పుడు మొదలైంది?" అని అడిగారు స్వామి.

"నేను కాపలా పెట్టిన మర్నాడే చూశాను."

"అంతకుముందు?"

"అంతకుముందు నాకు తెలియదు స్వామీ. తెలుసుకునే దారి లేదు కదా."

స్వామి చెయ్యి చాచి ల్యాప్‌టాప్ తీసుకున్నారు. మూత వేశారు. భుజం మీది తుండు తీసి దానికి చుట్టి, తాను కూర్చున్న పీట వెనక పెట్టుకున్నారు. "ముందు కావలికి వెళ్లి, ఆయన్ని వాళ్ల అన్న ఇంటికి తీసుకెళ్లు. మిగతావాళ్లలో నీకు గుర్తున్నవాళ్లకి ఫోన్ చెయ్యి. వచ్చాక మాట్లాడుకుందాం."

పాణి వెళ్లాడు. కావలి ఆయన తన అన్న గుమ్మం ముందు నిలబడి ఏడవడం చూసి, పాణికి పెంచలయ్య మీద కోపం ఇంకా పెరిగింది. ఇంత మనిషిని ఇన్నాళ్లు కాచుకోబెట్టాడు కదా అని పళ్లు కొరికాడు.

తిరిగి వచ్చేసరికి ఆశ్రమం తీరే మారిపోయింది. వరండాలో పెంచలయ్య గొంతు ఖంగుమంటోంది. ఒకటి తరవాత ఒకటి ఉత్తరాలు చదువుతున్నాడు. పాణి ఫోను తీసి చూసుకున్నాడు. అక్కడ చదువుతున్నవన్నీ ఇక్కడా ఉన్నాయి. మరునాడూ అంతే, ఆ మరునాడూ అంతే. పాణికి నిద్ర పట్టలేదు. ఒక పొద్దున ఆగలేక స్వామి దగ్గరికి వెళ్లాడు.

"మీరు అతన్ని హెచ్చరించారు స్వామీ. అందుకే మానేశాడు. భయంతో మానేసినవాడు భయం పోగానే మళ్లీ మొదలుపెడతాడు."

"నేను అతనికి ఏమీ చెప్పలేదు" అన్నారు స్వామి. "నీ కాపలా తీసేశాను, అంతే."

పాణికి అర్థం కాలేదు. అర్థం చేసుకోవాలని కూడా అతనికి లేదేమో.

స్వామి పీట వెనకనుంచి తుండు మూట తీసి అతని ముందు పెట్టారు. పక్కనే తన ఫోను పెట్టారు. ఫోనులో ఆ పొద్దున వచ్చిన ఉత్తరాలు వరసగా ఉన్నాయి. ఇంకా ఎవరూ చదవనివి.

"తెరువు" అన్నారు.

పాణి తుండు విప్పి మూత తెరిచాడు. ల్యాప్‌టాప్ మెల్లగా మేలుకుంది. పక్క గదిలోంచి నెట్ అందుకుంది. ఆశ్రమం మెయిలు తనంతట తానే తెరుచుకుని, కొత్త ఉత్తరాలు ఒక్కొక్కటే అందులోకి దిగడం మొదలుపెట్టాయి. పాణి వాటిని చూస్తున్నాడు.

స్వామి వేలితో ఫోను చూపించారు.

ఫోనులో పైనున్న ఉత్తరం పోయింది. కాసేపటికి దాని కిందిది పోయింది. ఎవరూ ముట్టుకోలేదు. స్వామి చేతులు ఆయన ఒళ్లోనే ఉన్నాయి. వరస తరిగి తరిగి చివరికి తెర ఖాళీ అయింది. ల్యాప్‌టాప్‌లో మాత్రం అన్నీ నిండుగా ఉన్నాయి. చదవకుండా వదిలేసిన చిన్న అక్షరాల్లో ఏం రాసి ఉంటుందో ఇప్పుడు పాణికి చదవక్కర్లేకుండానే తెలిసింది. దించుకున్న ఉత్తరాన్ని కంపెనీ దగ్గర కూడా ఉంచమని అతను ఆ గడిలో టిక్కు పెట్టలేదు. అందుకే ల్యాప్‌టాప్ దాన్ని అక్కడ ఉంచలేదు, అక్కడ లేనిది మిగతా మూడు చోట్లా కనబడదు.

ఆఫీసుగది తలుపు చప్పుడైంది. పెంచలయ్య చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చి, మెట్ల దగ్గరే ఆగిపోయాడు.

"సామీ, మళ్లీ పోయినాయి. చూస్తా ఉండగానే పోయినాయి. ఇన్నేళ్లు పోస్టు పంచితే ఒక్క ఉత్తరం పోనియ్యలేదు సామీ నేను. ఇప్పుడు నా చేతిలోనే ఏదో దోషం ఉండాది. ఈ పనికి నేను పనికిరాను. నన్ను పంపించెయ్యండి."

స్వామి పాణి వైపు తిరిగారు.

"నువ్వు అడిగిందే అతనూ అడుగుతున్నాడు. పంపించెయ్యమంటావా?"

పాణి చెయ్యి అతనికి తెలియకుండానే ల్యాప్‌టాప్ మూత మీదికి వెళ్లింది.

స్వామి ఆ చెయ్యి పట్టుకుని ఆపారు.

"తెరిచే ఉంచు. అతన్నీ చూడనీ."

పాణి పక్కకు జరిగి పెంచలయ్యకు చోటిచ్చాడు.