పొగ వస్తోందా, పెద్దమ్మా?

అనగనగా ఒక కొండ, ఆ కొండ కింద ఒక అడవి. ఒక వేసవిలో ఆ అడవికి కార్చిచ్చు అంటుకుంది. మంటలు చల్లారేసరికి తల్లుల్ని పోగొట్టుకున్న పిల్లలు వాగు ఒడ్డున మిగిలిపోయారు. ఒక చిరుతకూన, ఒక కుందేలుపిల్ల, ఒక ముళ్ళపందిపిల్ల, చినుకు అనే దుప్పిపిల్ల.

వాళ్ళని భల్లూకమ్మ అనే ఎలుగుబంటి చేరదీసి, రాత్రుళ్ళు మేలుకుని కాచింది. ఆమె మనసు వెన్న. మొండితనం మాత్రం బండరాయి.

పగలల్లా నిద్రపోయే మృగరాజు ఈ సంగతి విని, ఒక కన్ను తెరిచి, "నిద్రను జయించిన తల్లి" అని ఆమెకు బిరుదిచ్చి, ఆ కన్ను మళ్ళీ మూసుకున్నాడు. ఇక చూడండి తిప్పలు! బిరుదు వచ్చాక భల్లూకమ్మ కునుకు తీయడమే మానేసింది.

పిల్లల్లో చినుకుకే బెంగ ఎక్కువ. గడియకోసారి వచ్చి, "పొగ వస్తోందా, పెద్దమ్మా?" అని అడిగేది. భల్లూకమ్మ ముక్కెత్తి నాలుగు దిక్కులా వాసన చూసి, "లేదు తల్లీ" అనేది. అప్పుడుగానీ చినుకు పరక ముట్టేది కాదు.

ఎదుటి చెట్ల మీద కొండముచ్చుల కాపురాలు ఉండేవి. వాళ్ళ ఆచారం వేరు. పుట్టిన పిల్లను తల్లి ఒక్కతే మోయదు. పిన్ని ఒడిలోంచి అత్త ఒడికి, అత్త ఒడిలోంచి అవ్వ ఒడికి పిల్ల తిరుగుతూనే ఉంటుంది. తల్లి ఆ కాసేపూ హాయిగా పేలు చూపించుకుంటుంది.

"సోమరిపోతులు!" అని భల్లూకమ్మ మూతి తిప్పుకునేది.

ఒకనాడు నిద్రమత్తులో ఆమె చిరుతకూనకు గరిక పెట్టి, కుందేలుపిల్లకు చేప పెట్టింది. కుందేలుపిల్ల మూర్ఛపోయింది.

కొండముచ్చుల అవ్వ పేరమ్మ కొమ్మ మీంచి, "అమ్మాయ్, పిల్లల్ని ఇలా ఇచ్చి కాస్త నడుం వాల్చు" అంది.

"నిద్రను జయించినదాన్ని, నాకెందుకు!" అంది భల్లూకమ్మ.

మరునాడు ఆకుల కుప్ప అనుకుని ముళ్ళపందిపిల్ల మీద కూర్చుంది. ఆమె పెట్టిన కేకకు కొండ అవతల పిట్టలు లేచిపోయాయి.

"అమ్మాయ్..." అంది పేరమ్మ.

"జయించానన్నానా!" అంది భల్లూకమ్మ, ఈసారి నిలబడే.

మూడోనాడు చినుకు వచ్చింది. "పొగ వస్తోందా, పెద్దమ్మా?"

"వస్తోంది! నా తలలోంచి వస్తోంది! చూసుకో!" అని భల్లూకమ్మ అడవి అదిరేలా అరిచింది.

చినుకు పరుగున పోయి రేగుపొదలో దూరింది. ఎంత పిలిచినా రాలేదు. మేత ముట్టలేదు. భల్లూకమ్మ గుండె చెరువైంది. ఏడుస్తూ పేరమ్మ దగ్గరికి పోయింది.

"అవ్వా, నేను పనికిరాను. ఆ పసిది తిండి మానేసింది."

"పిచ్చిదానా! ఆ పిల్లల ఏడుపులన్నీ నీ బొచ్చుకు పల్లేరుకాయల్లా పట్టుకున్నాయి. ఒక్కదానివే ఎలా పీక్కుంటావే? నీ వీపు నీకు అందుతుందా?"

భల్లూకమ్మ చెయ్యి వెనక్కి పెట్టి చూసింది. అందలేదు.

కొండముచ్చుల ఆడవాళ్ళందరూ దిగివచ్చి, చిరుతకూననూ కుందేలుపిల్లనూ ఒడిలోకి తీసుకున్నారు. చిరుతకూనను ఎత్తుకున్న పిన్ని మాత్రం కళ్ళు గట్టిగా మూసుకుంది. ముళ్ళపందిపిల్లను పక్కన కూర్చోబెట్టుకున్నారు. చినుకు ఉన్న పొద దగ్గర ఒక అత్త కాపలా కూర్చుంది. ముగ్గురు అవ్వలు భల్లూకమ్మ వీపు దువ్వుతూ పేలు చూస్తుంటే, ఆమె కడుపులో ఉన్న దిగులంతా చెప్పుకుంది. చెబుతూ చెబుతూ నిద్రపోయింది. ఆ గురకకు మృగరాజే ఉలిక్కిపడి లేచాడు.

తెల్లారి లేచి, ఆమె రేగుపొద ముందు చతికిలబడింది. "తప్పు నాదే తల్లీ. పొగ లేదు. నిద్రలేక అరిచాను."

చాలాసేపటికి పొద కదిలింది. చినుకు మెల్లగా వచ్చి, పెద్దమ్మ తలను అటూ ఇటూ వాసన చూసింది.

"పొగ రావట్లేదు, పెద్దమ్మా" అంది. అని, ఒక పరక కొరికింది.

ఆ రోజు నుంచి వాసన చూసే పనికి కొండముచ్చులకూ వంతులు పడ్డాయి. నిద్రను జయించిన తల్లి రోజూ మధ్యాహ్నం నిద్ర చేతిలో హాయిగా ఓడిపోయేది.

నీతి: ఎంత పెద్ద చెయ్యి ఉన్నవారికైనా తమ వీపు తమకు అందదు, సేవ చేసేవారికీ సేవ కావాలి.