బుచ్చవ్వ కప్పు

ఏ కాలమని అడగకుండ్రి, ఏ రాజని అసలే అడగకుండ్రి. రాజు పేరు మా తాతకే యాదికి లేదు. అవ్వ పేరు బుచ్చవ్వ. ఇనుండ్రి.

ఒక గుట్ట. గుట్ట మీద కోట. గుట్ట కింద మూడు పల్లెలు. కోటల పెద్ద ఫిరంగి ఉండె, గదినిండ ఈటెలుండె, బురుజు మీద దుబ్బయ్య డప్పు ఉండె. పగోళ్ల దండు కనబడితే ఫిరంగి పేలాలె, లేకుంటే డప్పు మోగాలె. అది ఇనంగనే పల్లెల జనం పిల్లాజెల్లతోని కోట లోపలికి ఉరకాలె. అప్పుడు తలుపులు మూస్తరు.

ఒక ఏడు ముసురు పట్టింది. ఒకనాడు గాదు, రెండునాళ్లు గాదు, మూడునాళ్లు. మూడోనాడు పొద్దుగాల్నే కావలోడు చూస్తే వాగు అవతల దండు దిగి ఉన్నది. ఫిరంగి మందు తడిసింది. ఈటెలు పట్టేటోళ్లను రాజు ఇంకో యుద్ధానికి తోలుకపోయిండు. రాజులకు అదొక పిచ్చి. ఇగ మిగిలింది డప్పు. తడి తోలు మోగుతదా? బొగ్గుల మీద పెడితే కమిలి చినుగుతది. డప్పుకు గడ్డి మంటనే కావాలె. వాములన్నీ నీళ్లు కారుతున్నయి. కింద పల్లెల నా బిడ్డ ఉన్నదని దుబ్బయ్య ఏడ్చిండు.

కోట లోపలనే, గోడ పక్కన బుచ్చవ్వ గుడిసె. ఒంటి మనిషి. ఎండకాలమంత గుట్టలెంబడి తిరిగి, బోదగడ్డి కోసుకొచ్చి గుడిసె కప్పుకున్నది. పొయ్యి మీది కప్పు లోపలి పొర పొగకు ఎండి కరకరలాడుతున్నది.

దుబ్బయ్య ఏడుపు ఇని కప్పు దిక్కు చూపెట్టి, "గుంజుకో కొడుకా," అన్నది.

"ముసురు ఇంక ఇడ్వలే అవ్వా. నీ కప్పు పోతదే."

"కప్పు పోతే మళ్ల కప్పుకుంట. మనుషులు పోతే మళ్ల వస్తరా?"

మొదటి కట్ట కాలిస్తే డప్పు మూలిగింది. రెండో కట్టకు పలికింది. మూడో కట్టకు గుట్ట దద్దరిల్లింది. మూడు పల్లెలు ఎక్కొచ్చినయి. ఆఖరికి దుబ్బయ్య బిడ్డ, సంకల పసిగుడ్డుతోని. తలుపులు పడ్డయి. దండు తొమ్మిది దినాలు బురదల జారి జారి, యాష్టకొచ్చి ఎల్లిపోయింది.

బుచ్చవ్వకు మాత్రం వానకు తడిసి జ్వరం పట్టింది. మూడు పల్లెల ఆడోళ్లు వంతులేసుకొని కాళ్లు ఒత్తిండ్రు, గంజి తాపిండ్రు. దక్కలే. అయినా మనిషి లేని ఆ గుడిసెకు అందరు కలిసి కప్పేసిండ్రు.

ఇప్పుడు స్లాబు ఇండ్లొచ్చినయి. అయినా మా దిక్కు కొత్తింట్ల అడుగుపెట్టకముందు పొడిగడ్డి కట్ట తెచ్చి వాకిట్ల మంట పెడతరు. డప్పు కాపుతరు. మొదటి దెబ్బ పడంగనే ఇంటామె చేతులు జోడించి అంటది:

"బుచ్చవ్వా, నీ కప్పు కిందనే ఉన్నమే తల్లీ."