మంత్రిగారింటి కట్టెలు

ఆ రాజ్యంలో వాంతులు, విరేచనాలతో ఇంటికొకరు పోతుంటే మంత్రి చాటింపు వేయించాడు: "రాజ్యంలో రోగం లేదు. ఉందన్నవాళ్ల నాలుక కోయిస్తాం." పోయేవాళ్లకు ఆ చాటింపు వినపడలేదేమో, పోతూనే ఉన్నారు.

కట్టెలమ్మే నాంచారి నీళ్లు మరగబెట్టుకోమని ఇంటింటికీ చెబుతోందని భటులు ఆమెను రాజు ముందుకు ఈడ్చుకొచ్చారు.

"రోగం ఉందని చెబుతున్నావటే?" అన్నాడు మంత్రి.

"ఆ మాటే ఎత్తలేదు దొరా. మీ ఇంట్లో తాగే నీళ్లన్నీ మరగబెడుతున్నారనీ, అందుకే మీకు రోజూ రెండు మోపులు ఎక్కువ వేస్తున్నాననీ చెప్పాను. అబద్ధమైతే నా నాలుక కోయించండి. కానీ ముందు మరగబెట్టని మా బావినీళ్లు ఒక్క చెంబు తాగండి."

రాజు చెంబు తెప్పించాడు. మంత్రి దాన్ని ముట్టలేదు. "అది మా ఇంటి అలవాటు ప్రభూ, అంతే" అని నసిగాడు.

"మంచి అలవాటేగా, ఊరికీ చెప్పిస్తే పోలా?" అంది నాంచారి.

రాజుకు సంగతి అర్థమైంది. కానీ పరువు కూడా నిలవాలి కదా. మర్నాడు కొత్త చాటింపు వేయించాడు: "రాజ్యంలో రోగం లేదు. అయినా మంత్రిగారిలాగే అందరూ నీళ్లు మరగబెట్టుకుని తాగాలి."

జనం మొదటి మాటకు నవ్వుకున్నారు, రెండో మాటకు పొయ్యి వెలిగించారు.