తెల్లకొండకి నడిచే వెళ్లాను

తెల్లకొండకి రోప్‌వే వేసిన ఏడాది నేను మా గురువు సోమగిరి స్వామి మీద అలిగాను.

అంతకుముందు పద్దెనిమిదేళ్లు ఆయన వెనకే నడిచి ఆ కొండ ఎక్కినవాణ్ణి. దేవదారు చెట్లు దాటితే మంచు మొదలయ్యేది. మంచులో ఆయన అడుగు పడ్డ గుంటలోనే నా అడుగు వేసేవాణ్ణి. మాటలుండేవి కావు. అలాంటి నడక మళ్లీ నడవలేదు.

ఆ ఏడు స్వామికి మోకాళ్లు పట్టేశాయి. వరాహమూర్తి అని, ఆశ్రమానికి నాకంటే ఆరేళ్లు వెనక వచ్చినవాడు, ఆయన్ని తీగ మీది పెట్టెలో ఎక్కించాడు. నన్నూ రమ్మన్నారు. కొండ ఎక్కడమంటే కాళ్లకి తెలియాలి, కూర్చుని ఎక్కేది ఎక్కడమా అన్నాను.

స్వామి కోప్పడలేదు. "సరే చెంచయ్యా, నడిచే రా. నీ కోసం చూస్తుంటాను" అన్నారు.

వరాహమూర్తి మాత్రం ఊరుకోలేదు. పెట్టె కదులుతుంటే కిటికీలోంచి తొంగిచూసి, "అన్నా, ఈ వారంలో వస్తావా?" అన్నాడు. ఆ మాట నేను ఇప్పటికీ మర్చిపోలేదు.

ఐదు గంటలు ఎక్కాను. పైన అందరూ చలికి సత్రంలో దూరారు. స్వామి ఒక్కరే బయట బండ మీద, దారి వైపు తిరిగి కూర్చుని ఉన్నారు. నడిచే వచ్చానని లోపలికి వినపడేలా చెప్పాను.

ఆయన మొహం వెలిగింది. చెయ్యి పట్టి పక్కన కూర్చోబెట్టుకున్నారు.

"ఊట దగ్గర నీలం పువ్వులు పూశాయా?"

నేను చూడలేదు.

"సగం దారిలో టీ కాచే ముసలమ్మ, చూపు ఆనడం లేదని పోయినేడు చెప్పింది. ఎలా ఉంది?"

ఆ గుడిసె ఎప్పుడు దాటానో నాకు తెలియదు.

"మరి ఏం చూశావు నాయనా?"

నాకు అబద్ధం చేతకాదు. దారి పొడుగునా తలెత్తి ఆ పెట్టెల్నే చూశాను. ఏది ఎర్రది, ఏది పచ్చది, దేంట్లో ఎవరు నవ్వుకుంటూ పోయారు, అన్నీ చెప్పగలను. అదే చెప్పాను.

స్వామి జోలెలోంచి తన రోప్‌వే టికెట్టు తీసి నా అరచేతిలో పెట్టి, నా వేళ్లు మూశారు.

"నా బదులు నువ్వు నడుస్తున్నావనుకున్నాను" అన్నారు.

ఇంకా మధ్యాహ్నమే. నేను కర్ర తీసుకుని ఊట వైపు కిందికి దిగాను.